రీల్స్‌లో లేని అరకు... పిల్లలు చూపించారు!

"మావయ్యా, పసుపు పూలేవి?"

అరకు స్టేషన్‌లో దిగి బయటికొచ్చిన పది నిమిషాలకే చిన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. దాని చేతిలో నా ఫోను. ఫోనులో ఒక రీల్. కొండల మధ్య కనుచూపుమేర పసుపు పూలు, వాటి మధ్యలో చీరకట్టుకుని చేతులు చాచి తిరుగుతున్న ఒకమ్మాయి. చిన్ని ఆ స్క్రీను వంక ఒకసారి, ఎదురుగా ఉన్న పొలం వంక ఒకసారి చూసింది. ఎదురుగా ఉన్నది దున్నేసి వదిలేసిన ఎర్రమట్టి. అందులో రెండు ఆవులు, ఒక కొంగ.

"ఇది వేరే అరకేమో!" అన్నాడు ఆరేళ్ళ బుజ్జి, చాలా సీరియస్‌గా.

తప్పు నాదే. అవి వలిసె పూలు. అక్టోబరు, నవంబరు నెలల్లో పూస్తాయి. పొద్దున్నే లోయలో పాలు ఒలికినట్టు కనిపించే మేఘాలు కూడా చలికాలం సరుకే. మనం సోషల్ మీడియాలో చూసే అరకులో ముప్పావు వంతు ఆ మూడు నెలల్లో తీసిందే. నేనేమో పిల్లల్ని తీసుకెళ్ళింది ఉగాది మర్నాడు. పదేళ్ళ చిన్నికి రీల్స్ చూపించి ఊరించి మరీ తీసుకెళ్ళాను.

మరి వసంతంలో అరకులో ఏముంటుంది? నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు. ఆ మూడు రోజుల్లో తెలిసింది. దాంతోపాటు నా గురించి నాకు తెలియని విషయం కూడా ఒకటి తెలిసింది. అది కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే. అయినా చెప్తాను.

అక్క పెట్టిన ఒక్క షరతు

చిన్ని, బుజ్జి మా అక్క పిల్లలు. వైజాగ్‌లో ఉంటారు. రోజూ సముద్రం చూస్తారు గానీ, వంద కిలోమీటర్లు దాటితే వచ్చే కొండల్ని ఎప్పుడూ చూళ్ళేదు. వెళ్దామనుకున్న ప్రతిసారీ బావకి డ్యూటీ, లేకపోతే వీళ్ళకి పరీక్షలు. నేను హైదరాబాద్ నుంచి ఉగాదికి వచ్చాను కదా అని, "నేను తీసుకెళ్తానక్కా" అనేశాను, బొబ్బట్లు తింటున్న ఊపులో.

అక్క వెంటనే ఒప్పుకోలేదు. పిల్లలిద్దరూ అమ్మ లేకుండా ఒక్క రాత్రి కూడా బయట పడుకున్నవాళ్ళు కాదు. పైగా నేనంటే అక్కకి పెద్ద నమ్మకం లేదు. "నువ్వే ఇంకా పిల్లాడివిరా" అంటుంది, నాకు ఇరవై ఎనిమిది దాటినా. చివరికి ఒప్పుకుంది. బ్యాగులో మందుల డబ్బా పెడుతూ ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఫోను వదిలేసినా పరవాలేదు. వాడి చెయ్యి మాత్రం వదలకు."

"అలాగేలే" అన్నాను, ఫోను చూసుకుంటూ.

సొరంగాల లెక్క

వైజాగ్ నుంచి అరకుకి రోడ్డు మీద వెళ్ళొచ్చు, రైల్లోనూ వెళ్ళొచ్చు. పిల్లలతో అయితే వెళ్ళేటప్పుడు రైలే బెస్ట్. పొద్దున్నే ఏడులోపు బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కితే దాదాపు నాలుగ్గంటల ప్రయాణం. అద్దాల కప్పుండే విస్టాడోమ్ బోగీ ఉంది. 2017లో మొదలైంది. దానికి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. మాకు దొరకలేదు. మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నాం. ఇప్పుడనిపిస్తోంది, దొరకకపోవడమే మంచిదైందని. కిటికీలోంచి గాలి తగలకపోతే కొండెక్కుతున్నట్టు పిల్లలకి తెలిసేది కాదు.

ఈ లైను కథ కూడా పిల్లలకి బాగా నచ్చింది. దీన్ని వేసింది టూరిస్టుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి చేర్చడం కోసం. ఆ ఖనిజం జపాన్‌కి కావాలి. అందుకే జపాన్ సాయంతో 1960లలో తూర్పు కనుమల్ని తొలిచి ఈ దారి వేశారు. ఇప్పటికీ ఎదురుగా వచ్చే గూడ్సు బండ్ల నిండా ఎర్రటి ఖనిజమే. "అంటే మనం ఇనుము రోడ్డు మీద వెళ్తున్నామా?" అన్నాడు బుజ్జి. ఒక రకంగా అంతే!

ఈ లైనులో 58 సొరంగాలున్నాయని చెబుతారు. అది వినగానే ఇద్దరూ లెక్క మొదలెట్టారు. ప్రతి సొరంగంలోనూ బోగీ మొత్తం కేకలు. మన పిల్లలే కాదు, ఎదురు సీట్లో ఉన్న ముసలాయన కూడా "ఓ...!" అని అరిచి, వెలుతురు రాగానే ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. బుజ్జి లెక్క ఇరవై మూడు దగ్గర నిద్రలో కలిసిపోయింది. చిన్ని లెక్క ముప్ఫై దాటాక, "పెద్ద వంతెన కింద చీకటైతే అదీ లెక్కేనా?" అన్న గొడవలో తప్పిపోయింది. మళ్ళీ ఎక్కి మొదట్నించీ లెక్కపెడతానని ఇప్పటికీ పంతం.

అరకుకి ముందు శిమిలిగుడ స్టేషన్ వస్తుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనది ఇదే. ప్రతి స్టేషన్‌లోనూ పసుపు బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో ఎత్తు రాసి ఉంటుంది కదా? ఇన్నేళ్ళూ నేనది పట్టించుకోలేదు. చిన్ని మాత్రం కొత్తవలస దాటిన దగ్గర్నుంచి ప్రతి బోర్డూ చదివి నోట్‌బుక్‌లో రాసుకుంది. పిల్లలకి చేతికి ఒక పని ఇస్తే చాలు, "ఇంకెంతసేపు?" అన్న మాటే రాదు. ఎత్తు పెరిగే కొద్దీ వేడి తగ్గుతుందని, కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరు డిగ్రీలు తేడా ఉంటుందని చెప్పాను. "అయితే మా క్లాసు మూడో అంతస్తులో ఎందుకు వేడిగా ఉంటుంది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, అది రేకుల కప్పని తెలిసేదాకా.

"తెంపకండమ్మా, అది గింజ"

పసుపు పూలు లేవన్న నిరాశ సాయంత్రానికల్లా పోయింది. పోగొట్టింది కాఫీ.

మేం దిగిన చోటు నుంచి ఆటోలో ఒక ఊరి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు. వాటిని అల్లుకుని మిరియాల తీగలు. ఆ నీడలో కాఫీ మొక్కలు. దగ్గరికి వెళ్ళేదాకా ఏమీ తెలీలేదు. ముందు వాసన వచ్చింది. "ఎవరో మల్లెపూలు పెట్టుకున్నారు" అంది చిన్ని, వెనక్కి తిరిగి చూస్తూ. ఎవరూ లేరు. మలుపు తిరిగితే ప్రతి కొమ్మకీ తెల్లగా, గుత్తులు గుత్తులుగా పూలు. ఎవరో దూది అంటించినట్టున్నాయి.

కాఫీ చెట్టు ఏడాదంతా పూయదు. ఎండల మొదట్లో ఒక మంచి వాన పడాలి. ఆ తర్వాత ఎనిమిది, పది రోజులకి తోట మొత్తం ఒక్కసారే విరగబూస్తుంది. రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. అంతే! మేం వెళ్ళడానికి పది రోజుల ముందు అక్కడ వాన పడిందట. ఎంత ప్లాన్ చేసినా ఇది దొరకదు. మాకు ఊరికే దొరికింది.

చిన్ని ఒక గుత్తి తెంపి జడలో పెట్టుకుంది. నేను వెంటనే ఫోను తీశాను. ఫ్రేము అదిరిపోయింది మరి. అప్పుడే కింది వరస నుంచి ఒకావిడ పైకి వచ్చింది. తలమీద కట్టెల మోపు.

"తెంపకండమ్మా. అది పువ్వు కాదు, గింజ."

కోపంగా అనలేదు. కొంచెం నవ్వుతూనే అంది. మోపు దించి, పక్కన కూర్చుని పిల్లలకి చూపించింది. పువ్వు రాలాక అక్కడో చిన్న పచ్చ బొడిపె వస్తుంది. వానలకి కాయ అవుతుంది. చలికాలంలో ఎర్రగా పండుతుంది. అప్పుడు కోసి, తొక్క తీసి, ఎండబెట్టి అమ్ముతారు. ఇప్పుడు పూసినదానికి డబ్బులు చేతికి రావాలంటే మళ్ళీ సంక్రాంతి దగ్గరపడాలి. "ఇదుగో, నువ్వు తలలో పెట్టుకున్నది ఉందే, మాకు అర కప్పు కాఫీ" అంది.

చిన్ని మొహం ఎర్రబడిపోయింది. జడలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టబోయింది. "ఇప్పుడిస్తే నానేటి సేసుకుంటాను? ఉంచుకో. మల్లీ తెంపకు" అంటూ ఆవిడే మళ్ళీ జడలో తురిమింది.

అరకు లోయ అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇక్కడి కాఫీని పెద్ద పెద్ద నగరాల్లో ఖరీదైన కప్పుల్లో అమ్ముతారు. హైదరాబాద్‌లో నేనూ కొనుక్కుని తాగుతాను. ఆ కప్పు వెనకాల ఇలా ఒక్కో పువ్వూ లెక్కపెట్టుకునే మనిషి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఫొటో మాత్రం పోస్ట్ చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు.

ఐదింటికి లేచి ఇప్పపూలు

రెండో రోజు పొద్దున్నే ఐదింటికి పిల్లల్ని లేపాను. వైజాగ్‌లో ఏడింటికి లేపితే ఏడ్చే బుజ్జి, స్వెట్టర్ వేసుకుని అందరికంటే ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. మార్చి నెలాఖరులో కూడా అరకులో తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ళీ టోపీ పెట్టాల్సిందే. రెండు కాలాలకీ బట్టలు పెట్టుకోవాలి.

మేం బస చేసిన చోట వంట చేసే అబ్బాయి వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. ఊరి బయట పెద్ద ఇప్పచెట్టు. చెట్టు కింద నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. దాని మీద లేత పసుపు ముత్యాల్లా రాలిపడ్డ పూలు. ఇప్పపూలు రాత్రి నుంచి తెల్లారేలోపు రాలతాయి. ఎండెక్కేలోపు, పశువులు వచ్చి తినేలోపు ఏరుకోవాలి. అప్పటికే ముగ్గురు పిల్లలు బుట్టలతో ఏరుతున్నారు. మన బుజ్జి వయసు వాడొకడు, చిన్ని వయసు అమ్మాయిలు ఇద్దరు.

మొదటి ఐదు నిమిషాలూ ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. మనవాళ్ళు తెలుగు. ఆరో నిమిషంలో ఆ చిన్నవాడు ఒక పువ్వు నోట్లో వేసుకుని, ఇంకోటి బుజ్జికి ఇచ్చాడు. బుజ్జి నావంక చూశాడు. నేను కడగలేదనో, ఇంకోటనో అనేలోపే నోట్లో వేసేసుకున్నాడు. "బెల్లం!" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. ఇక అక్కణ్ణుంచి భాషతో పని పడలేదు. గంటసేపు అందరూ కలిసి ఏరారు. చివర్లో ఆ అమ్మాయిలు అడ్డాకుల్ని సన్నటి పుల్లలతో కుట్టి దొప్పలు చెయ్యడం చిన్నికి నేర్పించారు. అది చేసిన దొప్ప కారిపోయింది. వాళ్ళది కారలేదు.

ఇప్పపువ్వంటే మనకి సారా గుర్తొస్తుంది. సినిమాల పుణ్యం. కొండల్లో అది తిండి కూడా. ఎండబెట్టి దాచుకుని వండుకుంటారు, అమ్ముకుంటారు. గింజల నుంచి నూనె తీస్తారు. అందుకే కొట్టుకునే చెట్లలో దాన్ని కలపరు.

ఆ ఉదయం దారి పొడుగునా పిల్లలే నాకు చూపించారు. ఆకు ఒక్కటీ లేకుండా మొత్తం ఎర్రటి పూలతో నిలబడ్డ బూరుగ. కొండవాలు మీద అక్కడక్కడా నిప్పంటించినట్టున్న మోదుగ. పచ్చగా కాకుండా ముదురు ఎరుపు రంగులో చిగురేసిన చెట్లు. "ఇవి ఎండిపోయాయా, పుట్టాయా?" అని బుజ్జి అడిగాడు. పుట్టాయిరా. వసంతమంటే అదే.

కొండని ఎవరు కాల్చారు?

అన్నీ అందంగానే ఉన్నాయని చెప్తే అబద్ధమవుతుంది. ఎదురుగా ఒక కొండ సగం నల్లగా ఉంది. ఇంకో కొండ మీద పొగ. "కొండని ఎవరు కాల్చారు మావయ్యా?" అంది చిన్ని.

పోడు గురించి నాకు తెలిసినంత చెప్పాను. కొండవాలు మీద పొదలు కొట్టి, ఎండాక ఎండల్లో కాల్చి, తొలి వానలకి ఆ బూడిదలోనే చిరుధాన్యాలు, కందులు చల్లుతారు. తరతరాల పద్ధతి. ఒకప్పుడు ఒకచోట పండించాక ఆ నేలని ఏళ్ళ తరబడి వదిలేసేవాళ్ళు. అడవి మళ్ళీ పెరిగేది. ఇప్పుడు అంత వ్యవధి ఇవ్వడానికి భూమి లేదు. పోడుకి బదులుగా ఏదో ఒకటి ఉండాలనే ఈ కొండల్లో కాఫీని ప్రోత్సహించారు. చెట్ల నీడ లేకుండా ఈ కాఫీ పెరగదు కాబట్టి చెట్టూ మిగులుతుంది, డబ్బూ వస్తుంది.

"అయితే కాల్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదా?" అంది. "తిండి కోసం చేసేవాళ్ళని అలా అనకూడదు" అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి సిగరెట్టు పడేసేవాళ్ళు?" అంది, రోడ్డు పక్కన కారాపి ఫొటోలు దిగుతున్న ఒక బృందాన్ని చూస్తూ. ఆకులు రాలి ఎండిపోయి ఉండే ఈ రోజుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం తేలికైంది.

మధ్యాహ్నం ఎండలో గిరిజన మ్యూజియం చూశాం. మట్టి ఇళ్ళు, వంట సామాను, నగలు, వేట పనిముట్లు... అన్నీ మనుషుల బొమ్మలతో సహా ఉంటాయి. పొద్దున్న తనకి దొప్ప కుట్టడం నేర్పిన అమ్మాయి వాళ్ళింట్లో చూసిన చేటే ఇక్కడ అద్దం వెనకాల ఉండటం చిన్నికి వింతగా తోచింది. "వాళ్ళు ఇప్పుడు కూడా వాడుతున్నారు కదా, మ్యూజియంలో ఎందుకు పెట్టారు?" అంది. నేను మంచినీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళిపోయాను. సాయంత్రం పద్మాపురం గార్డెన్స్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలెట్టిన తోట అది. ఇప్పుడక్కడ బొమ్మ రైలు తిరుగుతోంది. బుజ్జికి ఈ రెండో ముక్క చాలు.

బొర్రాలో ఆ ఏడు నిమిషాలు

మూడో రోజు కారు మాట్లాడుకుని తిరుగు ప్రయాణం. దారిలో బొర్రా గుహలు.

బొర్రా గురించి చాలామందికి తెలిసిందే. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు వీటిని బయటి ప్రపంచానికి చెప్పాడంటారు. కొండల్లో పశువులు కాసుకునేవాళ్ళకి అంతకుముందే తెలిసుంటుంది. సున్నపురాతి గుహలు. లోతు దాదాపు 80 మీటర్లు. వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడుని కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీళ్ళకి సున్నపురాయి మెల్లమెల్లగా కరుగుతుంది. కరిగిన సున్నం చుక్క చుక్కగా కారి, పైన వేలాడే ఊడల్లా, కింద లేచే దిమ్మల్లా మళ్ళీ రాయవుతుంది. ఒక్కో చెయ్యెడు రాయికి వేల ఏళ్ళు పడుతుంది. ఇదంతా పిల్లలకి ఎలా చెప్పాలా అనుకున్నాను. బుజ్జి ముక్కు మీద టప్పున ఒక చుక్క పడింది. దాంతో పాఠం అయిపోయింది.

లోపల ఒక గైడు వేరే గుంపుకి కథ చెప్తున్నాడు. పూర్వం ఒక ఆవు గుహ పైకప్పులో ఉన్న కంతలోంచి కిందికి పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ వచ్చి చూస్తే లోపల శివలింగం. దాని పైన ఆవు ఆకారంలో రాయి. ఆ ఆవు పొదుగు నుంచే గోస్తనీ నది పుట్టిందని నమ్మకం. బుజ్జి నోరు తెరుచుకుని విన్నాడు.

అప్పుడే పైకప్పులోంచి ఒక వెలుగు కిరణం సూటిగా కిందికి పడింది. చిన్ని దాంట్లోకి వెళ్ళి నిలబడింది. నేను బుజ్జి చెయ్యి వదిలి ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక టేకు. ఇంకో టేకు. "కొంచెం పక్కకి... తల ఎత్తు..." మూడో టేకు బాగా వచ్చింది.

తిరిగి చూస్తే పక్కన బుజ్జి లేడు.

మొదట నవ్వొచ్చింది, ఏ రాయి వెనకాలో దాక్కున్నాడని. పిలిచాను. గుహలో పిలిస్తే పిలుపు నాలుగు వైపుల నుంచీ వస్తుంది. ఏది నా గొంతో, ఏది జవాబో తెలీదు. రంగు లైట్లు, వాటి మధ్యలో చీకటి, వందల మంది. చెమ్మకి జారే మెట్లు. ఎక్కడో కింద నీటి చప్పుడు. అలవాటుగా ఫోను తీశాను. ఎవరికి చేస్తాను? సిగ్నల్ లేదు. ఉన్నా వాడి దగ్గర ఫోనుందా?

చిన్ని ఏడవలేదు. నా చొక్కా పట్టుకుని, "మావయ్యా, ఆవు" అంది.

"ఏంటి?"

"వాడు ఆవు దగ్గరికి వెళ్ళుంటాడు."

శివలింగం ఉన్నది పైన. నిటారు మెట్లు ఎక్కి వెళ్ళాలి. జనాన్ని తోసుకుంటూ ఎక్కాను. సగంలో ఒకసారి కాలు జారి మోకాలు కొట్టుకుంది. పైన లింగం పక్కన, క్యూలో ఉన్న ఒక ముసలమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు బుజ్జి. ఆవిడ వాణ్ణి తన ఒంటికి ఆనించుకుని, దిగబోయిన ప్రతివాళ్ళనీ, "ఈ బాబు మీవోడా?" అని అడుగుతోంది.

"మావయ్యా, ఆవుకి తోక లేదు" అన్నాడు వాడు నన్ను చూసి.

ఆ ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. వీడియో రికార్డవుతోంది కూడా. "చేతులో బిడ్డని పెట్టుకోవాలి నాయినా, అది కాదు" అంది. ఇంకేమీ అనలేదు. దండం పెట్టుకోవడానికి ముందుకి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ వీడియో చూస్తే తెలిసింది, మొత్తం ఏడు నిమిషాలు. నాకు మాత్రం ఒక పూట.

చెప్పాలా, వద్దా?

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. కోతులు చుట్టూ తిరుగుతున్నాయి. నా చేతులు వణుకుతున్నాయి. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "ఇది అమ్మకి చెప్పొద్దేం. ఐస్‌క్రీం కొనిపెడతాను."

బుజ్జి వెంటనే సరేనన్నాడు. చిన్ని మాట్లాడలేదు. ఐస్‌క్రీం కూడా తినలేదు. కారు ఘాట్ రోడ్డు దిగుతోంది. అనంతగిరి తోటలు వెనక్కి పోతున్నాయి. పది మలుపుల తర్వాత చిన్ని నెమ్మదిగా అంది.

"ఎవరైనా 'అమ్మకి చెప్పొద్దు' అంటే, తప్పకుండా అమ్మకి చెప్పాలని మా టీచర్ చెప్పింది."

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. అది నన్నేమీ నిందించలేదు. తనకి నేర్పిన పాఠం చెప్పిందంతే. పిల్లల భద్రత గురించి మనం వాళ్ళకి నేర్పే మొదటి సూత్రాన్ని నేనే, నా పరువు కోసం, ఒక ఐస్‌క్రీంతో చెరిపేయబోయాను. వాడు తప్పిపోవడం కంటే ఇదే పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది.

ఇంకో రెండు మలుపులకి బుజ్జి తిన్న ఐస్‌క్రీం, చికెన్ అన్నీ బయటికి వచ్చేశాయి. వాడి మొహం కడుగుతూ, నీళ్ళు తాగిస్తూ రోడ్డు పక్కన అరగంట కూర్చున్నాం. నాకూ ఆ అరగంట కావాల్సి వచ్చింది.

శృంగవరపుకోట దగ్గర సిగ్నల్ నిలకడగా వచ్చింది. కారాపించి అక్కకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పొద్దని నేను అన్న మాట కూడా. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"వాడేం చేస్తున్నాడు?"

"నా ఒళ్ళో పడుకున్నాడు."

"చిన్నికి ఇవ్వు."

చిన్నితో ఏం మాట్లాడిందో తెలీదు. ఫోను మళ్ళీ నా చేతికొచ్చాక మాత్రం, "నిన్ను ఇంటికొచ్చాక తిడతాను. జాగ్రత్తగా రండి" అంది. చెప్పినట్టే ఇంటికెళ్ళాక తిట్టింది, తనివితీరా. ఆఖర్న అన్నం పెడుతూ, "నువ్వు చెప్పకుండా ఉండి, అది తర్వాత వాళ్ళ నోటి వెంట తెలిసుంటే ఇంకెప్పుడూ పంపేదాన్ని కాదురా" అంది. అంటే మళ్ళీ పంపిస్తుందన్నమాట!

పిల్లలతో కొండలకి వెళ్తున్నారా? ఇవి మర్చిపోవద్దు

- రీల్స్ చూసి కాదు, నెల చూసి వెళ్ళండి. వలిసె పూలు, మేఘాలు కావాలంటే చలికాలం. కాఫీ పూలు, ఇప్పపూలు, ఎర్ర చిగుళ్ళు కావాలంటే మార్చి, ఏప్రిల్. ఈ రోజుల్లో జలపాతాల్లో నీళ్ళు తక్కువ. అక్కడి బండలు మాత్రం జారుడే.

- వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు అనుకుంటే రెండూ చూడొచ్చు. ఘాట్ దిగేముందు పిల్లలకి కడుపునిండా పెట్టొద్దు. మలుపుల్లో ఫోను అసలే ఇవ్వొద్దు. కళ్ళు కదలట్లేదంటాయి, చెవిలో ఉండే సమతూకం భాగం కదులుతున్నామంటుంది. ఆ తగువే వాంతి. దూరంగా రోడ్డు వంక చూడమనండి. కవర్లు, తడి తువ్వాలు చేతికందేలా పెట్టుకోండి.

- పిల్లల జేబులో చీటీ మీద పేరు, ఇద్దరు పెద్దవాళ్ళ ఫోన్ నంబర్లు రాసి పెట్టండి. కొండల్లో, గుహల్లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. "తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడు, పిల్లలతో ఉన్న ఆంటీని సాయం అడుగు" అని ముందే చెప్పండి. మేం చెప్పలేదు.

- ఎక్కడికి వెళ్ళినా ముందు కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. ఫొటో తీసేటప్పుడు రెండో పిల్లాడి చెయ్యి ఇంకో పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఫొటో వద్దు.

- చైత్రంలో అక్కడ ఇటుకల పండగ జరుగుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి చందా అడుగుతారు. విసుక్కోకుండా ఆగి, చిల్లర ఇచ్చి వెళ్ళండి. మనం వాళ్ళ పండగ మధ్యలోకి వచ్చిన చుట్టాలం.

- పూలు తెంపొద్దు. అడగకుండా ఎవరి పిల్లల ఫొటోలూ తీయొద్దు. మన పిల్లల్ని ఎవరైనా అలా తీస్తే మనం ఊరుకుంటామా?

గోస్తనీ వెంట

హైదరాబాద్ బయల్దేరే ముందు రోజు సాయంత్రం పిల్లల్ని భీమిలి తీసుకెళ్ళాను. ఈసారి అక్క కూడా వచ్చింది. అక్కడ ఒక నది సముద్రంలో కలుస్తుంది. దాని పేరు అడిగితే ఇద్దరికీ తెలీదు. చెప్పాను, గోస్తనీ అని. బొర్రా గుహల కింద చప్పుడు చేస్తూ పారింది ఇదే. దారిలో తాటిపూడి దగ్గర దీనికి రిజర్వాయరు కట్టారు. వైజాగ్‌కి తాగునీళ్ళు అక్కణ్ణుంచి కూడా వస్తాయి.

"అంటే ఆవు దగ్గరి నీళ్ళు మన కుళాయిలోకి వస్తాయా?" అన్నాడు బుజ్జి.

"కొన్ని వస్తాయి."

"మిగతావి?"

"ఇదుగో, ఇక్కడికి."

వాడు కాసేపు నదినీ సముద్రాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నీళ్ళలోకి దిగడానికి పరిగెత్తబోయాడు. చిన్ని ఫోను కోసం నావైపు చెయ్యి చాచింది, ఫొటో తీస్తానని. ఇచ్చేశాను.

నా రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఒకదాంతో బుజ్జి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగాను.